ఆరో వేలు వర్ధిల్లాలి

యంత్రం తప్పు చేయడం మానవజాతికి దొరికిన మహా వరం. బాగా ఆలోచించే ఈ మాట అంటున్నాను. నవ్వదలచుకున్నవాళ్ళు ఇప్పుడే నవ్వేసి, ఆ తర్వాత నిమ్మళంగా చదవండి.

బొమ్మలు గీసే యంత్రం వచ్చిందనీ, అది మనిషి చేతికి ఆరు వేళ్ళు పెడుతోందనీ, గుర్రానికి ఐదో కాలు మొలిపిస్తోందనీ, పెళ్ళికూతురి నోట్లో రెండు వరసల పళ్ళు కుక్కుతోందనీ లోకమంతా వెక్కిరిస్తోంది కదా. నేను వెక్కిరించను. రోజూ పొద్దున్నే షట్టర్ ఎత్తగానే ధనదేవుడి పటానికి అగరుబత్తి వెలిగించి, ఆ యంత్రానికి అప్పుడే బుద్ధి రానివ్వవద్దని వేడుకుంటాను.

ఎందుకంటారా? నాది చైనాలో షెన్‌జెన్ నగరం శివార్లలో, బొమ్మల వీధిలో ఫ్రేముల దుకాణం. మీరు ఏ దేశంలో ఏ హోటల్లో దిగినా మంచం తలాపున ఒక నూనెరంగుల బొమ్మ ఉంటుంది చూడండి. నీలం సముద్రమో, పసుపు పూలకుండీయో, వానలో ఒకే గొడుగు కింద నడిచే జంటో. దాన్ని ఏ దేశపు మహానుభావుడు వేశాడో అని మీరు అనుకుంటారు. ఆ మహానుభావుడు మా వీధిలో ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుని, ఎడంచేత్తో బన్ను తింటూ, కుడిచేత్తో రోజుకి నాలుగు సముద్రాలు వేస్తుంటాడు.

మా వీధిలో తప్పు అన్నది చాలా పెద్ద మాట. కాంట్రాక్టరు తరఫున లియావ్ అని ఒక తనిఖీ మనిషి వచ్చేవాడు. అసలు బొమ్మ గీతలన్నీ దించుకున్న ప్లాస్టిక్ కాగితం ఒకటి అతని చంకలో ఉండేది. దాన్ని మన బొమ్మ మీద పరిచి చూసేవాడు. పూరేకు తగ్గినా తప్పే, పెరిగినా తప్పే. ఒకసారి మంచుకాలపు ఊరి బొమ్మలో పొగగొట్టంలోంచి పొగ ఎడమకి పోవాల్సింది కుడికి పోయిందని రెండు వందల బొమ్మలు ఓడ ఎక్కి వెనక్కి వచ్చాయి. గాలి ఎటు వీచాలో కూడా కొనేవాడే తేల్చే వ్యాపారం మాది!

అలాంటి లియావ్ కూడా తావ్ గుయ్‌లాన్ దుకాణం ముందు మాత్రం ఆ కాగితం తీసేవాడు కాదు. ఒక కప్పు టీ తాగి, బొమ్మలు లెక్కపెట్టుకుని వెళ్ళిపోయేవాడు.

గుయ్‌లాన్‌ది నా దుకాణానికి ఎదురు దుకాణం. జియాంగ్షీ రాష్ట్రం నుంచి పాతికేళ్ళప్పుడు వచ్చింది, ఇప్పుడు నలభై ఏడు. సన్నటి మనిషి, మాట తక్కువ, కూరలో కారం ఎక్కువ. మొగుడు దెచ్వాన్ చట్రాలకి కాన్వాసు బిగిస్తాడు, ఆవిడ వేస్తుంది. ఇరవై రెండేళ్ళలో ఆవిడ వేసిన బొమ్మ ఒక్కటీ వెనక్కి రాలేదు.

ఆ తర్వాత యంత్రాలు వచ్చాయి. హోటళ్ళవాళ్ళు సముద్రాలని అచ్చు కొట్టించుకోవడం మొదలుపెట్టారు. మా వీధిలో ఒక్కొక్కటే షట్టర్లు దిగాయి. గుయ్‌లాన్ దుకాణం చోటు కోసం పాల టీ అమ్మేవాడు ఒకడు రెండుసార్లు వచ్చి, టేపు పెట్టి గోడలు కొలుచుకుని పోయాడు. రెండోసారి వచ్చినప్పుడు ఆవిడే టేపు రెండో కొస పట్టుకుంది. "సరిగ్గా కొలుచుకో బాబూ, ఆ మూల గోడ కొంచెం వంకర," అని చెప్పింది కూడా.

సరిగ్గా అప్పుడే బీజింగ్ నుంచి సెన్ యీహాన్ దిగాడు.

సెన్ మాస్టారు పెద్ద కళాకారుడు. తల నుంచి కాళ్ళదాకా నలుపే వేసుకుంటాడు, బూట్లు మాత్రం తెలుపు. నెరిసిన జుట్టు వెనక్కి లాగి పిలక కడతాడు. ఆయన కళ ప్రపంచీకరణ గురించీ, సాంకేతికత గురించీ, భవిష్యత్తు గురించీ ఉంటుందని ఆయనే చెప్పాడు. వేరే ఎవరైనా చెబితే బాగుండేది గానీ, మా వీధిలో చెప్పగలవాళ్ళు లేరు.

ఆయన ట్యాబ్ తీసి గుయ్‌లాన్ ముందు పెట్టాడు. "అక్కా, ఈ బొమ్మలు మనిషి వేసినవి కావు. నలభై దేశాల కుటుంబాల ఫోటోలు లక్షల్లో యంత్రానికి చూపించాను. రేపటి కుటుంబం కూర్చుని అన్నం తింటున్నట్టు గియ్యమన్నాను. ఇదిగో, ఇవి గీసింది."

గుయ్‌లాన్ చూసింది. గుండ్రటి బల్ల చుట్టూ ఎనిమిదిమంది. పళ్ళెంలో ఉండాల్సిన చేప ఒకాయన చొక్కా చేతిలోకి ఈదుకుంటూ పోతోంది. ముసలమ్మ ముత్యాల దండ కిందికి జారి నూడుల్స్ అయిపోయింది. ఒకావిడ వేళ్ళు పొడుగ్గా సాగి చాప్‌స్టిక్‌లయ్యాయి. అందరి చేతులకీ వేళ్ళు ఆరో ఏడో.

"మరి నేనెందుకండీ?" అంది.

"అచ్చు కొడితే అది ఫోటో అవుతుంది. నాకు నూనెరంగులు కావాలి. పన్నెండు కాన్వాసులు. యంత్రం కన్న కలని మనిషి చెయ్యి తాకాలి."

"తాకుతానండీ. ఎన్నాళ్ళలో కావాలి?"

రెండు నెలల్లో కావాలి. కొత్త సంవత్సరం సెలవులకి ముందే నగరంలో సముద్రం ఒడ్డున ఉన్న మ్యూజియంలో ప్రదర్శన. ఆ తర్వాత బొమ్మలన్నీ విదేశం వెళ్తాయి.

మూడు వారాలు గడిచాక మాస్టారు మొదటి నాలుగు బొమ్మలు చూడటానికి వచ్చాడు. గోడకి ఆనించి వరసగా పెట్టారు. దెచ్వాన్ కుర్చీ తుడిచి వేశాడు. మాస్టారు కూర్చోలేదు. మొదటి బొమ్మ దగ్గర నిలబడ్డాడు, రెండోదాని దగ్గరికి వెళ్ళాడు, మళ్ళీ మొదటిదాని దగ్గరికి వచ్చాడు. నేను ఎదురుగా ఫ్రేముకి మేకు కొడుతూ సుత్తి ఆపేశాను.

"బాగోలేదాండీ?" అంది గుయ్‌లాన్.

"చాలా బాగుంది. అదే కష్టం. ఆరో వేలు ఏదక్కా?"

"తీసేశానండీ."

"ఎందుకు తీశావు?"

"మనిషికి ఐదే కదండీ. చూస్తూ చూస్తూ ఎలా వేస్తాను? చేపని పళ్ళెంలో పెట్టాను. ముసలమ్మ దండ తీసి మెళ్ళో వేశాను. ఇదిగో, ఈ పిల్లాడి చెవి టీకప్పుకి అతుక్కుపోతే ఊడదీశాను. మీ యంత్రం ఏనాడూ నలుగురి మధ్య కూర్చుని అన్నం తిన్నట్టు లేదండీ."

మాస్టారు అప్పుడు కుర్చీలో కూలబడ్డాడు. "ఆ తప్పులే నా కళ, అక్కా. నువ్వు నా కళంతా దిద్దేశావు."

"మా ఇంటావిడ పని ఇంతవరకూ ఎవరూ వెనక్కి పంపలేదండీ," అన్నాడు దెచ్వాన్, నెమ్మదిగానే.

"నేను పంపుతున్నాను."

చూశారా! మా వీధి పుట్టిన దగ్గర్నుంచి తప్పు ఉందని బొమ్మలు వెనక్కి వచ్చాయి గానీ, తప్పు లేదని వెనక్కి రావడం అదే మొదలు. ఇలాంటి ప్రగతి ఏ శతాబ్దంలో సాధ్యమైంది? మన తాతలు చూశారా? ఒక్క ఆరో వేలు లేకపోవడంతో నాలుగు బొమ్మలు చెడిపోయాయంటే, ఆ వేలికి ఎంత విలువ వచ్చిందో ఆలోచించండి.

మాస్టారు వెళ్ళేముందు గుమ్మంలో ఆగాడు. కోపిష్టి కాదాయన, అది ఒప్పుకోవాలి. "నీ వల్ల కాదంటే చెప్పక్కా, వీధి చివర ఇంకో ఆయన ఉన్నాడట," అన్నాడు.

"అవుతుందండీ," అంది గుయ్‌లాన్. పాల టీవాడి టేపు ఆవిడ కళ్ళ ముందు కదలాడి ఉంటుంది.

కానీ అయితే కదా! ఇరవై రెండేళ్ళు తప్పు చేయకూడదని అలవాటు పడ్డ చెయ్యి, చెయ్యమంటే చేస్తుందా? ఆవిడ బొమ్మ మీద చూపు నిలిపి వేసుకుంటూ పోతుంది, చిటికెన వేలు రాగానే కుంచె దానంతటదే ఆగిపోతుంది. అందుకని దెచ్వాన్ వెనకాల స్టూలు వేసుకుని కూర్చుని లెక్కపెట్టేవాడు.

"నాలుగు. ఐదు. ఆగకు, ఆగకు. ఇంకోటి ఉంది."

"ఎక్కడ పెట్టమంటావు?"

"ఎక్కడో అక్కడ పెట్టు. తప్పుకి చోటేమిటి?"

"చోటు లేకుండా వేలెలా వస్తుంది? నీ చెయ్యి ఇలా ఇవ్వు."

అతని చెయ్యి బల్ల మీద పెట్టించి, దాని పక్కన తన వేలొకటి ఆనించి, చాలాసేపు అటూ ఇటూ తిప్పి చూసింది. ఆరో వేలు నిజంగానే ఉంటే అది ఏ కణుపు దగ్గర మొదలవుతుంది? గిన్నె ఎత్తేటప్పుడు మిగతా ఐదిటికీ అడ్డం రాకుండా ఎటు ఒదుగుతుంది? అన్నం తినే చేతికి ఒక వేలు ఎక్కువైతే దానికేం పని చెబుతాం? ఇవన్నీ యంత్రం ఆలోచించలేదు. తోచినట్టు అతికించి ఊరుకుంది. గుయ్‌లాన్ ఊరుకోలేకపోయింది.

అలా వేయగా వేయగా ఆవిడ ఆరో వేళ్ళకి ప్రాణం వచ్చింది. ఒక వేలికి కుట్టు సూది గుచ్చుకున్న మచ్చ పెట్టింది. ఒక వేలు పక్కవాళ్ళ గిన్నెలోంచి దొంగతనంగా ఒక ముక్క లాగుతోంది. ముసలమ్మకి వేసిన ఆరో వేలు మాత్రం కొంచెం సిగ్గుపడి అరచేతి చాటున ముడుచుకుని ఉంది. దాన్ని చూడటానికి నేను రోజుకి రెండుసార్లు వీధి దాటేవాణ్ణి.

మాస్టారు ఈసారి వచ్చి, ముసలమ్మ బొమ్మ ముందు వంగి, ముడుచుకున్న ఆ వేలిని దగ్గరగా చూశాడు.

"యంత్రం ఇలా వేయలేదే," అన్నాడు చివరికి.

"మళ్ళీ దిద్దాలాండీ?" అంది గుయ్‌లాన్ కంగారుగా.

"వద్దు. ముట్టుకోకు."

ప్రదర్శనకి పది రోజుల ముందు టీవీవాళ్ళు వచ్చారు. కళాకారుడు పనిచేసే చోటు చూపించమన్నారట, మాస్టారు మా వీధికే తీసుకొచ్చాడు. కెమెరా పెట్టారు, దీపాలు పెట్టారు, ఎండబెట్టిన బట్టలు తీయించారు. "మాస్టారూ, కొంచెం కుంచె పట్టుకుని వేస్తూ ఉండండి, చెయ్యి దగ్గరగా తీస్తాం," అంది టీవీ అమ్మాయి.

మాస్టారు కుంచె పట్టుకున్నాడు. మా వీధిలో అందరం చూశాం. మాస్టారు కుంచె ముట్టుకుని పదిహేనేళ్ళయింది. ఇన్నాళ్ళూ ఆయన ఆలోచించాడు, వేరేవాళ్ళు చేశారు. రంగు బొట్టు కాన్వాసు మీద పడి కిందికి కారింది. ఆయన దాన్ని తుడవబోతే బొమ్మలో బల్ల దగ్గర కూర్చున్న మేనమామ ముఖం మొత్తం అలుక్కుపోయింది. ఎవరూ నవ్వలేదు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

నాకు ఆ క్షణాన ఆయన మీద జాలేసింది. గుయ్‌లాన్‌కి కూడా వేసినట్టుంది. వెళ్ళి కుంచె అందుకుంది.

"నీ చెయ్యి కాస్త ఇస్తావా అక్కా?" అన్నాడు ఆయన, చాలా చిన్నగా.

ఆవిడ ఆయన నల్లకోటు తొడుక్కుంది. చేతులు పొడుగైతే రెండు మడతలు లోపలికి పెట్టారు. కెమెరా మోచేతి దాకానే చూసింది. రెండు నిమిషాల్లో మేనమామ మళ్ళీ మేనమామ అయ్యాడు.

ఆ కార్యక్రమం ఆదివారం మధ్యాహ్నం వచ్చింది. మా వీధంతా నా దుకాణంలోనే కూర్చుని చూశాం. తెర నిండా ఒక చెయ్యి. వెనక నుంచి గంభీరమైన గొంతు, "ఈ చేతిలో ఒక నాగరికత జ్ఞాపకం ఉంది, ఒక భవిష్యత్తు భయం ఉంది," అంటోంది. వీధిలోవాళ్ళు పొట్టలు పట్టుకుని నవ్వారు. గుయ్‌లాన్ కూడా నవ్వింది. తన చెయ్యి అంత పెద్దగా ఎప్పుడూ చూసుకోలేదు మరి. దెచ్వాన్ ఒక్కడే నవ్వలేదు.

అప్పుడే ఆవిడ ఫోన్ మోగింది. సొంత రాష్ట్రంలో, నాన్‌చాంగ్‌లో బియ్యపు నూడుల్స్ అమ్ముకునే వాళ్ళక్క. స్పీకర్ పెట్టకపోయినా ఆ గొంతు వీధి చివరిదాకా వినిపించింది.

"ఏమే, ఆ మగాడి కోటులో నీ చెయ్యేం చేస్తోంది?"

"నాదేనని నీకెలా తెలుసక్కా?"

"ఆ బొటనవేలి మీద కొడవలి గాటు పెట్టింది నేనే కదే. నేను గుర్తుపట్టనా? మరి నీ పేరు చెప్పలేదేం?"

గుయ్‌లాన్ "తర్వాత చేస్తాను" అని పెట్టేసింది. ఆ సాయంత్రం ఆవిడ దుకాణం తొందరగా మూసింది.

ప్రదర్శన రోజు నేనూ వెళ్ళాను, ఫ్రేములు నావే కాబట్టి. మ్యూజియం గోడ మీద మాస్టారి పేరు మనిషెత్తు అక్షరాల్లో ఉంది. దాని కింద కృతజ్ఞతలు. యంత్రం పేరు, ఆ యంత్రం ఎన్నో రకమో ఆ నంబరు, దాన్ని నడిపిన కంపెనీ, టీ పంచిన కంపెనీ, దీపాలు వేసిన కంపెనీ. ప్రతి బొమ్మ పక్కనా ఒక చిన్న చీటీ: "కాన్వాసు, నూనెరంగులు, యంత్రగణితం."

గుయ్‌లాన్ పన్నెండు చీటీలూ చదివింది. దెచ్వాన్ ఇంకోసారి చదివాడు.

నన్నడిగితే ఇందులోనూ మేలుంది. పేరు రాస్తే మనిషి అన్నట్టు. రాయకపోతే నూనెరంగుల్లో కలిసిపోయినట్టు. నూనెరంగులకి నడుం నొప్పి రాదు, కళ్ళజోడు అక్కర్లేదు, వాటి అక్క ఫోన్ చేయదు. ఇంతకంటే ప్రశాంతమైన బతుకు ఇంకేముంటుంది?

గుయ్‌లాన్‌కి మాత్రం ఈ సంగతి అర్థం కాలేదు. జనం తగ్గేదాకా ఆగి మాస్టారి దగ్గరికి వెళ్ళింది.

"నా పేరు ఎక్కడా కనబళ్ళేదండీ."

"పేరన్నది పాతకాలపు ఆలోచన అక్కా," అన్నాడు ఆయన ఆప్యాయంగా. "ఈ కాలంలో కళాకారుడంటూ ఒక మనిషి లేడు. యంత్రం, ప్రపంచం, ప్రవాహం, అంతే."

"మరి అక్కడ మీ పేరు అంత పెద్దగా ఉంది కదండీ?"

"అది మ్యూజియంవాళ్ళు పెట్టారు."

"ఓహో," అంది ఆవిడ. బయటికొచ్చాక దెచ్వాన్ ఏదో అనబోతే, "తప్పులు యంత్రానివి, ఆలోచన ఆయనది. నాదేముంది ఇందులో?" అంది. ఆవిడ ఆ మాట నిజంగానే నమ్మింది. అందుకే నాకు ఎక్కువ బాధేసింది.

మార్చి వచ్చింది. మా దగ్గర మార్చిలో దక్షిణం నుంచి తడిగాలి తిరిగొచ్చి గోడలు చెమటలు పోస్తాయి, వేసిన రంగు వారమైనా ఆరదు. అలాంటి రోజున సెన్ మాస్టారు మళ్ళీ వచ్చాడు. తెల్లబూట్ల నిండా బురద.

"ఇంకో పన్నెండు కావాలక్కా. మొదటివి చూసి విదేశాలవాళ్ళు అడుగుతున్నారు. అందరూ ఆ ముసలమ్మ వేలు గురించే అడుగుతున్నారు."

"బొమ్మలు పంపండి మరి."

మాస్టారు ట్యాబ్ తీశాడు గానీ ఆవిడకి ఇవ్వలేదు. "అదే వచ్చిన చిక్కు. యంత్రం బాగుపడింది."

"అంటే?"

"కొత్త రకం వచ్చింది. ఎన్నిసార్లు గియ్యమన్నా ఐదే వేళ్ళు. చేప పళ్ళెంలోనే ఉంటోంది. తప్పు చెయ్యమంటే నేరుగా ఒక వేలు అతికించి, తప్పు చేశానండీ అని చూపిస్తోంది. అందులో ఏమీ లేదు. చచ్చిపోయింది." ఆయన స్టూలు ముందుకి జరుపుకున్నాడు. "నువ్వే చెయ్యాలక్కా. తప్పులు నువ్వే ఆలోచించి వెయ్యాలి."

నేను ఫ్రేముకి జిగురు పూస్తూ పూస్తూ ఆగిపోయాను. ధనదేవుడు నా మొర వినలేదని అర్థమైంది. ఎదురుగా గుయ్‌లాన్ కుంచె కడిగి, గుడ్డతో తుడిచి, డబ్బాలో నిలబెట్టింది. ఆవిడ ఏ పనికైనా తొందరపడదు.

"మొదటిసారి తప్పులు యంత్రానివి. అందుకని దాని పేరు రాశారు. అంతేనాండీ?"

"అంతే."

"ఈసారి తప్పులు ఎవరివండీ?"

మాస్టారు ట్యాబ్ మూసి ఒళ్ళో పెట్టుకున్నాడు. గోడ మీంచి ఒక నీటిబొట్టు జారింది.

"నేను ఈ ఊరొచ్చిన కొత్తలో ఆర్నెల్లు బొమ్మల ఫ్యాక్టరీలో చేశానండీ, పిల్లలు ఆడుకునే బొమ్మలు," అంది గుయ్‌లాన్. "అక్కడ సరిగ్గా చేసినవాళ్ళ పేరు ఎవరికీ తెలిసేది కాదు. తప్పు చేసినవాళ్ళ పేరు మాత్రం గేటు పక్క గోడ మీద పెద్దక్షరాల్లో రాసేవాళ్ళు. వారమంతా ఉండేది. నేనడిగేది కూడా అదేనండీ, కొత్తదేం కాదు. తప్పులు నాతో చేయిస్తే గోడ మీద నా పేరు ఉండాలి."

"మ్యూజియంవాళ్ళు ఏమంటారో..."

"కనుక్కోండి. ఈ తడికి రంగు ఎలాగూ ఆరదు. తొందరేం లేదు."

మాస్టారు మూడు వారాలు కనుక్కున్నాడు. ఈలోగా వీధి చివరాయన చేత ఒక బొమ్మ వేయించి చూశాడట. ఆయన ఉత్సాహపడి ఒక్కొక్క చేతికి పదకొండేసి వేళ్ళు పెట్టాడు, చూస్తే అరటి హస్తంలా ఉంది. చివరికి ఏప్రిల్లో మాస్టారు ఒక కాగితం తెచ్చి, మ్యూజియం ముద్ర చూపించి, సంతకం పెట్టించుకున్నాడు. వెళ్ళేటప్పుడు గుమ్మంలో ఆగి, "నువ్వడిగింది న్యాయమే అక్కా, నేనే ముందు అనుకోవాల్సింది," అన్నాడు. అలా అన్నందుకు దెచ్వాన్ ఆయన బురద బూట్లు కడిగి ఇచ్చాడు.

ఆ పన్నెండూ శరదృతువులో అదే మ్యూజియంలో పెట్టారు. గోడ మీద మాస్టారి పేరు ఎప్పటిలా మనిషెత్తు ఉంది. దాని కింద, కొంచెం చిన్నగా అయినా, దూరం నుంచే చదవగలిగేట్టు ఉంది: "తప్పులు: తావ్ గుయ్‌లాన్."

కళాభిమానులు దాని ముందు నిలబడి ఫోటోలు దిగారు. ఒక విమర్శకుడు, చాలా చదువుకున్నవాడు, తప్పుని ఇంత వినయంగా నెత్తిన వేసుకున్న కళాకారిణి ఈ దేశంలో ఇంకొకరు లేరని మైకులో చెప్పాడు. గుయ్‌లాన్ కొత్త జాకెట్టు వేసుకుని, చేతులు రెండూ వెనక్కి పెట్టుకుని, తన పేరు ముందు చాలాసేపు నిలబడింది. సంతోషంగానే ఉంది. అందులో నాకేం అనుమానం లేదు.

బయటికి వచ్చి బస్సు కోసం నిలబడ్డాం. రోడ్డుకి అవతల పెద్ద హోటలుంది. అద్దాల్లోంచి లోపలి గోడ కనిపిస్తోంది. దాని మీద ఒక నీలం సముద్రం. గుయ్‌లాన్ కళ్ళు చిట్లించి చూసి, "అది నాదే," అంది. "ఆ అల ఒడ్డు దగ్గర విరిగే చోటు నాకు రావడానికి నాలుగేళ్ళు పట్టింది."

దెచ్వాన్ కూడా చూసి తలూపాడు.

"తప్పులకి పేరు కావాలంటే మాస్టార్ని అడిగాం," అంది ఆవిడ. "మరి సరిగ్గా వేసినవాటికి ఎవర్ని అడగాలి?"

బస్సు వచ్చింది, ముగ్గురం ఎక్కాం.